పచ్చ టిక్కు పడింది, మెయిల్ మాత్రం అందలేదు

"నాకు మెయిల్ ఏమీ రాలేదండి. క్లాసు నిన్ననే అయిపోయిందట కదా?" ఫోన్‌లో ఆవిడ ఈ మాట అడిగినప్పుడు గొంతులో కోపం లేదు. పొరపాటు తనదేనేమో అన్నట్టు అడిగారు. నాకు అదే ఎక్కువ బాధ అనిపించింది. మా ఆన్‌లైన్ క్లాసుకి ఎవరైనా ఫారం నింపగానే వాళ్లకు దానంతటదే మెయిల్ పంపే వర్క్‌ఫ్లో ఒకటి నేను కట్టాను. మాట్లాడుతూనే దాని హిస్టరీ తెరిచాను. ఆవిడ ఫారం నింపిన నిమిషానికి సరిగ్గా ఒక రన్ ఉంది, అంటే వర్క్‌ఫ్లో ఒకసారి నడిచింది. అందులో ఐదు నోడ్లు, అంటే ఐదు అంచెలు, ఐదింటి మీదా పచ్చ టిక్కులు. చివరి నోడ్‌కి నేను పెట్టుకున్న పేరు "కన్ఫర్మేషన్ మెయిల్". దాని మీదా పచ్చ టిక్కే.

"మా వైపు నుంచి వెళ్లిందండి" అన్నాను. ఆ మాట నిజమే. ఆవిడకు అందలేదన్నదీ నిజమే. ఈ రెండింటి మధ్యా ఏం జరుగుతుందో పూర్తిగా అర్థం కావడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. ఇప్పుడే మొదలుపెడుతున్న వాళ్లకు ఆ రెండు నెలలు మిగిలితే చాలని ఇది రాస్తున్నాను.

నేను ప్రోగ్రామర్‌ని కాను. కొందరం కలిసి ఉచితంగా ఆన్‌లైన్ క్లాసులు నడుపుతున్నాం, అందులో రిజిస్ట్రేషన్ల పని నాది. ఫారంలో పేరు, మెయిల్, ఫోన్ నంబర్, ఏ బ్యాచ్ కావాలి, ఇంకేమైనా చెప్పాలనుకుంటే ఆ మాట. ఇంతకుముందు రోజూ రాత్రి కూర్చుని ఒక్కో వరుస చూసి, ఆ బ్యాచ్ లింకు వెతికి, పాత మెయిల్ కాపీ చేసి, పేరు మార్చి పంపడమే పని. ఒకరి పేరుతో ఇంకొకరికి వెళ్లిన రోజులున్నాయి. ఒక బ్యాచ్‌కి 140 మంది నమోదు చేసుకున్న వారంలో ఇక చేత్తో చేయడం కుదరదని తేలిపోయింది.

కోడ్ రాయకుండానే ఇలాంటి పనులు కట్టుకోనిచ్చే నో-కోడ్ టూల్స్ చాలానే ఉన్నాయి. జాపియర్ 2011లో మొదలైంది. మేక్‌కి 2022 దాకా ఇంటిగ్రోమాట్ అని పేరు. 2019లో వచ్చిన ఎన్8ఎన్‌ని మన సొంత సర్వర్ మీద కూడా పెట్టుకోవచ్చు. ఒకరు జాప్ అంటారు, ఒకరు సినారియో అంటారు, ఇంకొకరు వర్క్‌ఫ్లో అంటారు. లోపల జరిగేది మాత్రం ఒకటే. ఏదో ఒకటి జరగాలి, జరిగాక దాని వెనకాల మిగతా పనులు వరసగా నడవాలి. నేను ఏ టూల్ వాడానన్నది పక్కన పెడుతున్నాను, నాకు ఎదురైనవన్నీ ఎందులోనైనా ఎదురయ్యేవే.

నా వర్క్‌ఫ్లో కాగితం మీద చాలా చిన్నది. ఫారం నింపగానే వెబ్‌హుక్‌కి కబురు వస్తుంది. అక్కడి నుంచి ఒక వెబ్ రిక్వెస్ట్ వెళ్లి, మా బ్యాచ్‌ల వివరాలున్న చోట లింకు అడిగి తెస్తుంది. తర్వాత షీట్‌లో ఒక వరుస చేరుతుంది. అప్పుడు మాకు ఒక మెయిల్, చివరగా నమోదు చేసుకున్నవారికి ఒక మెయిల్.

వెబ్‌హుక్ అన్న పేరు వినగానే భయపడ్డాను గానీ, అది ఒక యూఆర్ఎల్ మాత్రమే. "కొత్తగా ఏమైనా వచ్చిందా?" అని మన టూల్ కొన్ని నిమిషాలకోసారి వెళ్లి అడిగితే అది పోలింగ్. వచ్చిన క్షణాన అవతలివాళ్లే మన యూఆర్ఎల్ తలుపు తట్టి చెబితే అది వెబ్‌హుక్. 2007లో జెఫ్ లిండ్సే అనే డెవలపర్ పెట్టిన పేరు అది. ఫారం సర్వీసు సెట్టింగ్స్‌లో ఆ యూఆర్ఎల్ అతికించి ఒకసారి నింపి చూడగానే నా పేరు, నా నంబర్ తెర మీద ప్రత్యక్షమయ్యాయి. ఆ సంతోషం ఇంకా గుర్తుంది. మర్నాడు మాత్రం ఏమీ రాలేదు. నేను అతికించింది టెస్ట్ యూఆర్ఎల్, నేను తెర ముందు కూర్చుని వింటున్నంతసేపే అది పనిచేస్తుంది. అసలు వాడకానికి వేరే యూఆర్ఎల్ ఉంటుంది, పైగా వర్క్‌ఫ్లోని యాక్టివ్ చేయాలి. ఇది ఐదు నిమిషాల్లో సరిదిద్దుకునే విషయమే, ఇంతటితో వదిలేస్తున్నాను.

అసలు చదువు వెబ్ రిక్వెస్ట్ నోడ్ దగ్గర మొదలైంది. అందులో పూరించాల్సినవి నాలుగు: ఎక్కడికి వెళ్లాలి, ఏ పద్ధతిలో వెళ్లాలి, హెడర్లు ఏమిటి, లోపల ఏం మోసుకెళ్లాలి. సమాచారం అడగడానికి గెట్, ఇవ్వడానికి పోస్ట్ అని తెలిస్తే మొదటి నెల గడిచిపోతుంది. హెడర్లను నేను కవరు మీద రాతలా ఊహించుకున్నాను. లోపల ఉన్నది ఏ రూపంలో ఉందో చెప్పేది కంటెంట్-టైప్. మనమెవరమో చెప్పేది ఆథరైజేషన్. ఈ రెండో హెడర్‌లో "బేరర్" అన్న మాట రాసి, ఒక ఖాళీ వదిలి, ఆ తర్వాత ఆ సర్వీసు మనకిచ్చిన రహస్య కీ రాయాలి. నేను ఖాళీ వదలకుండా రాసి 401 చూశాను, కీ తప్పేమోననుకుని మూడుసార్లు కొత్త కీ తయారుచేశాను. 401 అంటే "నువ్వెవరో నాకు తెలియడం లేదు" అని. తర్వాత కొన్నాళ్లకు 403 కూడా చూశాను. "నువ్వెవరో తెలుసు, ఈ పనికి నీకు అనుమతి లేదు" అని దాని అర్థం. ఈ తేడా మొదటే తెలిసి ఉంటే ఒక సాయంత్రం మిగిలేది.

అంతా కుదిరి నడుస్తున్నప్పుడు, రోజుకి ఒకటో రెండో రన్లు మాత్రం 400 అని ఆగిపోయేవి. మిగతావన్నీ బాగానే వెళ్లేవి. ఆగినవాటిని పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాను. వాటన్నిటిలో ఉన్న పోలిక ఒకటే: "ఇంకేమైనా చెప్పాలా" అన్న గడిలో వాళ్లు మనసు విప్పి రాశారు. కొందరు మధ్యలో ఎంటర్ నొక్కి రెండో పేరా మొదలుపెట్టారు. కొందరు ఏదో మాటను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టారు. నేనేమో జేసన్‌ని, అంటే పేర్లు, విలువలు కొటేషన్ గుర్తుల మధ్య రాసే డేటా రూపాన్ని, చేత్తో టైప్ చేసి, కొటేషన్ గుర్తుల మధ్య ఆ గడి విలువను దూర్చాను. వాళ్లు పెట్టిన కొటేషన్ గుర్తు రాగానే అక్కడితో మాట ముగిసిందని అవతలి సర్వర్ అనుకుంటుంది, ఆ తర్వాత ఉన్నదంతా దానికి అర్థం లేని అక్షరాలు. జేసన్ మాటల మధ్యలో నేరుగా కొత్త లైను కూడా ఉండకూడదు. ఎక్కువ శ్రద్ధగా రాసినవాళ్ల నమోదే ఆగిపోతోందని తెలిసి మనసు చివుక్కుమంది. పరిష్కారం తేలిక. జేసన్‌ని చేత్తో రాయకుండా, పేరు ఒక గడిలో, విలువ ఒక గడిలో ఇచ్చి టూల్‌నే కట్టమనాలి. ఆ గుర్తులన్నిటినీ అదే జాగ్రత్తగా సర్దుతుంది. అప్పటి నుంచి ఏ కొత్త వర్క్‌ఫ్లో పరీక్షించినా కొటేషన్ గుర్తులు, ఎంటర్లు, తెలుగు పేరు, ఎమోజీ అన్నీ ఉన్న ఒక గజిబిజి వాక్యాన్నే ముందు పంపి చూస్తున్నాను.

ఈ దశలో నాకు బాగా ఉపయోగపడిన అలవాటు ఒకటుంది. రిక్వెస్ట్ పని చేయనప్పుడు ఊహించుకుంటూ కూర్చోకుండా, వెళ్లాల్సిన చోటికి బదులు వెబ్‌హుక్ డాట్ సైట్ లాంటి పరీక్షా యూఆర్ఎల్‌కి పంపి, నిజంగా ఏం వెళుతోందో కళ్లతో చూడటం. నేను పంపాననుకున్నదానికీ, వెళ్లినదానికీ పొంతన లేకపోవడమే సగం సమస్య. అయితే అక్కడికి మనుషుల అసలు పేర్లు, అసలు మెయిల్ ఐడీలు పంపకూడదు. ఉత్తుత్తి మెయిల్ ఐడీ కావాలంటే ఎగ్జాంపుల్ డాట్ కామ్ ఉంది. 1999లోనే ఇలాంటి ఉదాహరణల కోసం ఆ పేరును విడిగా కేటాయించారు.

ఇక మెయిల్. మొదట నా సొంత జీమెయిల్ మెయిల్‌బాక్స్‌నే కలిపాను. నో-కోడ్ టూల్‌లో "కనెక్ట్" నొక్కి, లాగిన్ అయి, అనుమతి ఇస్తే చాలు కదా అనుకున్నాను. పాస్‌వర్డ్ చెప్పకుండా అనుమతి మాత్రమే ఇచ్చే ఈ పద్ధతి ఓఆత్. పని చేసింది కూడా. వారం తిరిగేసరికి ఆగిపోయింది. మళ్లీ కనెక్ట్ చేశాను, మళ్లీ వారానికి ఆగింది. టూల్‌ని సొంతంగా నడుపుకునేవాళ్లు గూగుల్ దగ్గర తమ పేరున ఒక యాప్ నమోదు చేసుకోవాలి. దాన్ని "టెస్టింగ్" దశలోనే వదిలేస్తే ఇచ్చిన అనుమతి 7 రోజులకు చెల్లిపోతుందని వాళ్ల డాక్యుమెంట్లలో స్పష్టంగానే ఉంది. నేను ఆ పేజీ చదవకుండా దాటేశాను. పాత రోజుల్లోలాగా మెయిల్ పాస్‌వర్డ్ నేరుగా ఇచ్చేద్దామంటే, సొంత ఖాతాలకు ఆ దారి 2022 మే 30 నుంచి మూసేశారు. రెండంచెల వెరిఫికేషన్ పెట్టుకుంటే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవచ్చు.

అయినా సొంత మెయిల్‌బాక్స్ ఇలాంటి పనికి పుట్టింది కాదు. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకి 500 దాటి పంపనివ్వరు. అంతకంటే ముఖ్యం, వెళ్లిన మెయిల్ ఏమైందో మనకు చెప్పే ఏర్పాటు అందులో సరిగా లేదు. అందుకే మెయిల్ పంపడమే పనిగా పెట్టుకున్న ఒక సర్వీసుకి మారాను. సెండ్‌గ్రిడ్, మెయిల్‌గన్, రీసెండ్ వంటివి ఈ కోవలోవే. వీటితో మాట్లాడటానికి రెండు దారులు. ఒకటి ఎస్ఎంటీపీ, 1982 నాటి పద్ధతి, ఇవాళ్టికీ మెయిల్ ప్రపంచమంతా దాని మీదే నడుస్తోంది. పోర్టు, అంటే సర్వర్‌కి ఉండే తలుపు నంబర్ లాంటిది, 587 గానీ 465 గానీ పెట్టుకోవాలి, 25 జోలికి వెళ్లకూడదు, చాలా హోస్టింగ్‌లలో దాన్ని మూసి ఉంచుతారు. రెండోది ఏపీఐ, అంటే అప్పటికే నాకు చేతనైన వెబ్ రిక్వెస్ట్. నేను ఏపీఐనే ఎంచుకున్నాను. జవాబులో ఆ మెయిల్‌కి ఒక ఐడీ వస్తుంది. ఆ ఐడీ ఎంత విలువైనదో అప్పటికి నాకు తెలియదు, షీట్‌లో దాచుకోను కూడా లేదు.

ఇక్కడే మళ్లీ ఆవిడ ఫోన్ దగ్గరికి వస్తాను. ఆ రోజు చివరి నోడ్ తెరిచి జవాబు చూస్తే 202 అని ఉంది. 200 అయినా 202 అయినా రెండుతో మొదలైతే మంచిదేనని నేను ఎప్పుడూ పట్టించుకోలేదు. 202 అంటే "తీసుకున్నాను" అని మాత్రమే. పోస్టు డబ్బాలో ఉత్తరం వేసిన చప్పుడు అది. డబ్బాలో పడ్డ ఉత్తరం అవతలి ఇంటికి చేరిందా, లోపలికి తీసుకున్నారా, తిప్పి పంపారా అన్నది ఆ చప్పుడు చెప్పదు. వెబ్ రిక్వెస్ట్‌కి జవాబు సెకన్లలో వస్తుంది. మెయిల్ సంగతి తేలడానికి నిమిషాలు పట్టొచ్చు, గంటలు పట్టొచ్చు, కొన్నిసార్లు రోజులు కూడా. టూల్ మాత్రం రెండింటినీ ఒకే గొలుసులో పక్కపక్కన నిలబెట్టి, రెండింటికీ ఒకేలాంటి పచ్చ టిక్కు వేస్తుంది. నేను ఆ టిక్కును నమ్మి నిశ్చింతగా నిద్రపోయాను.

ఆవిడను స్పామ్ ఫోల్డర్ చూడమన్నాను. మా మెయిల్ అక్కడుంది. తర్వాత మేము పంపిన రెండు మెయిళ్లూ అక్కడే ఉన్నాయి. అలా ఇంకెంతమందికి వెళ్లి ఉంటుందో అనుకుంటేనే టెన్షన్ పట్టుకుంది.

తీగ లాగితే డొంకంతా కదిలింది. మెయిల్ సర్వీసులో మా డొమైన్‌ని, అంటే మా మెయిల్ ఐడీలో @ తర్వాత ఉండే పేరును, వెరిఫై చేసే పనిని "తర్వాత చూద్దాం" అని వదిలేశాను. అందువల్ల మెయిల్ మీద పంపినవారి పేరు మాది, దాన్ని మోసుకొచ్చిన సర్వర్ ఇంకొకరిది, ఇద్దరికీ సంబంధం ఉందని చెప్పే ఆధారం ఏదీ లేదు. ఆ ఆధారాలు మూడు. ఎస్‌పీఎఫ్ అంటే, ఫలానా సర్వర్లు మా తరఫున మెయిల్ పంపొచ్చని మన డొమైన్ డీఎన్ఎస్‌లో (డొమైన్ వివరాలు అందరూ చూడగలిగే పట్టికలో) రాసిపెట్టుకునే జాబితా. డీకిమ్ అంటే ప్రతి మెయిల్ మీదా పడే డిజిటల్ సంతకం. సంతకాన్ని సరిచూసుకునే తాళం చెవి కూడా డీఎన్ఎస్‌లోనే ఉంటుంది. డీమార్క్ వీటి మీద కూర్చునే నియమం. తెర మీద కనిపించే "ఫ్రమ్" డొమైన్, ఆ రెండింటిలో కనీసం ఒకదానితో సరిపోలాలి, లేకపోతే ఆ మెయిల్‌ని ఏం చేయాలో అది చెబుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ విషయంలో గట్టిగా పట్టుబడుతున్నాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకి 5,000 దాటి పంపేవాళ్లకు మూడూ తప్పనిసరి. అంతకంటే తక్కువ పంపేవాళ్లకు కూడా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాలి. మేము పంపేది చాలా తక్కువే, అయినా మూడూ పెట్టేసుకోవాలని ఆ రోజే అనుకున్నాను.

రికార్డులు పెట్టడంలో ఒక చోట జారాను. మా డొమైన్‌కి మామూలు మెయిల్‌బాక్సుల కోసం అప్పటికే ఒక ఎస్‌పీఎఫ్ రికార్డు ఉంది. కొత్త సర్వీసు ఇచ్చిన దాన్ని దాని కింద రెండోదిగా చేర్చాను. ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండు కనిపిస్తే పరీక్షించేవాళ్లు రెండింటినీ పక్కన పెట్టి, తప్పు అని తేలుస్తారు. అంటే అప్పటిదాకా బాగున్న మామూలు మెయిళ్లను కూడా నేనే చెడగొట్టాను. రెండింటినీ ఒకే వరుసలో కలపాలి, ఆ వరుసను పరిశీలించడానికి పట్టే డీఎన్ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదు. సరిచేశాక నా జీమెయిల్‌కి ఒకటి పంపుకుని, మెయిల్ మెనూలో "షో ఒరిజినల్" నొక్కితే మూడింటి పక్కనా పాస్ అని కనిపించింది. ఎవరైనా సరే, మొదటి మెయిల్ పంపిన రోజే ఆ పేజీ ఒకసారి చూసుకోవాలి. ఒక్క నిమిషం పని.

మాకు వచ్చే నోటిఫికేషన్ మెయిళ్లు కూడా అప్పుడప్పుడు రావడం లేదని ఇదే సమయంలో గమనించాను. కారణం ఇదే కుటుంబంలోది. "రిప్లై" నొక్కితే నేరుగా నమోదు చేసుకున్నవారికి వెళ్లాలని, "ఫ్రమ్" గడిలో వాళ్ల మెయిల్ ఐడీ పెట్టాను. అంటే వాళ్ల పేరుతో మేము మెయిల్ పంపుతున్నట్టు. యాహూ 2014 ఏప్రిల్‌లోనే ఇలాంటివాటిని తిరస్కరించమని తన డీమార్క్‌లో ప్రకటించింది. అందుకే యాహూ ఐడీ ఇచ్చినవాళ్ల నోటిఫికేషన్లే మాకు అందేవి కావు. "ఫ్రమ్" ఎప్పుడూ మన ఐడీయే ఉండాలి, వాళ్లది "రిప్లై-టు" గడిలో పెట్టాలి. కోరుకున్నది అక్షరాలా జరుగుతుంది.

ఇంకొక దెబ్బ రెట్టింపు మెయిళ్ల రూపంలో తగిలింది. ఒక అబ్బాయికి ఒకే కన్ఫర్మేషన్ మూడుసార్లు వెళ్లింది. వర్క్‌ఫ్లో మూడుసార్లు నడిచింది, ఫారం మాత్రం అతను ఒక్కసారే నింపాడు. ఫారం సర్వీసు తలుపు తట్టాక కొన్ని సెకన్లు జవాబు కోసం చూస్తుంది. నేనేమో లింకు తెచ్చి, షీట్ నింపి, రెండు మెయిళ్లూ పంపాకే "సరే" అని చెప్పేలా పెట్టాను. ఆ రోజు లింకు ఇచ్చే చోట ఆలస్యమైంది. జవాబు రాలేదు కాబట్టి వాళ్లు మళ్లీ తట్టారు. ఇది వాళ్ల తప్పు కాదు, కబురు పోకూడదనే మళ్లీ పంపుతారు. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ అయితే 10 సెకన్లలోపు జవాబు ఆశిస్తుంది. చెల్లింపుల సర్వీసు స్ట్రైప్ 3 రోజుల వరకు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఒకే కబురు రెండోసారి వస్తుందన్న లెక్కతోనే వర్క్‌ఫ్లో కట్టుకోవాలి.

అందుకు రెండు పనులు చేశాను. వెబ్‌హుక్ రాగానే ముందు 200 చెప్పి, ఆ తర్వాతే మిగతా పని మొదలయ్యేలా మార్చాను. ప్రతి ఫారంతోపాటు వచ్చే సబ్మిషన్ ఐడీని షీట్‌లో రాసి, మెయిల్‌కి ముందు ఆ ఐడీ అప్పటికే ఉందేమో వెతికించాను. ఇందులోనూ ఒక సందు ఉంది. రెండు రన్లు ఒకే క్షణంలో వెతికితే రెండింటికీ "లేదు" అనే జవాబే వస్తుంది. మా రద్దీ తక్కువ కాబట్టి ఒకదాని తర్వాత ఒకటే నడిచేలా సెట్టింగ్ పెట్టాను. రద్దీ ఎక్కువున్నవాళ్లు షీట్‌కి బదులు డేటాబేస్ వాడి, ఒక ఐడీ రెండోసారి చేరకుండా అక్కడే అడ్డుకోవడం మంచిది.

వర్క్‌ఫ్లోలు కట్టే ప్రతి ఒక్కరికీ ముందుగా చెప్పాలనిపించే విషయం ఇప్పుడు చెబుతాను. ఎక్కడా స్పష్టంగా చదవలేదు, దెబ్బ తిన్నాకే తెలిసింది. వెబ్ రిక్వెస్ట్‌లకూ మెయిల్‌కూ మూడంకెల కోడ్‌లే. రెండు చోట్లా నాలుగుతో మొదలయ్యేవి, ఐదుతో మొదలయ్యేవి ఉంటాయి. అర్థాలు మాత్రం దాదాపు తలకిందులు. వెబ్‌లో 500, 503 వస్తే అవతలి సర్వర్‌కి ఒంట్లో బాగాలేదని, కాసేపాగి మళ్లీ ప్రయత్నించాలి. 400, 404 వస్తే తప్పు మన రిక్వెస్ట్‌లో ఉంది, వందసార్లు పంపినా అదే జవాబు. ఒక్క 429 మాత్రం వేరు, "తొందరపడకు, ఆగి రా" అని దాని అర్థం. ఎంతసేపు ఆగాలో చాలాసార్లు హెడర్‌లోనే చెబుతారు. మెయిల్‌లో ఇది తిరగబడుతుంది. 421, 450 లాంటివి తాత్కాలికం, కాసేపాగి మళ్లీ పంపొచ్చు. 550 లాంటివి శాశ్వతం. చాలాసార్లు అలాంటి మెయిల్‌బాక్సే లేదని దాని అర్థం.

నేను వెబ్‌లో నేర్చుకున్న పాఠాన్ని మెయిల్‌కీ అంటించాను. "ఐదుతో మొదలైతే మళ్లీ పంపు" అని ఒకే నియమం రెండింటికీ రాశాను. ఫలితంగా, లేని మెయిల్ ఐడీలకు మా వర్క్‌ఫ్లో గంటకోసారి పంపుతూ పోయింది. లేని ఐడీల మీద పదే పదే పడేవాళ్లను మెయిల్ ప్రపంచం స్పామర్లుగా చూస్తుంది. అప్పుడే డీఎన్ఎస్ సరిచేసుకుని మంచి పేరు తెచ్చుకుంటున్న డొమైన్‌ని నేను మళ్లీ వెనక్కి లాగుతున్నానని తెలిసి చాలా బాధపడ్డాను. ఇప్పుడు మెయిల్‌ని మళ్లీ పంపే బాధ్యత పూర్తిగా మెయిల్ సర్వీసుకే వదిలేశాను. నా వర్క్‌ఫ్లో మళ్లీ ప్రయత్నించేది ఏపీఐ వైపు మాత్రమే, అదీ 429, 500 వరుస వాటికే. అక్కడా జాగ్రత్త అవసరం. జవాబు రాకముందే టైమ్ అయిపోతే, మెయిల్ వెళ్లిందో లేదో మనకు తెలియదు, మళ్లీ అడిగితే రెండోది వెళ్లొచ్చు. కొన్ని సర్వీసులు ఐడెంపొటెన్సీ కీ అనే హెడర్ తీసుకుంటాయి. ఒకే కీతో రెండోసారి అడిగినా పని ఒక్కసారే జరుగుతుంది. ఆ సదుపాయం ఉంటే తప్పకుండా వాడాలి, నేను సబ్మిషన్ ఐడీనే ఆ కీగా ఇస్తున్నాను.

ఒక సాయంత్రం జరిగింది కూడా చెప్పాలి. మా మెయిల్‌బాక్స్‌కి ఎవరైనా రాస్తే "అందింది, త్వరలో జవాబిస్తాం" అని వెళ్లే ఇంకో చిన్న వర్క్‌ఫ్లో కట్టాను. సెలవులో ఉన్న ఒకరి ఖాతా నుంచి "నేను ఊళ్లో లేను" అని ఆటోమేటిక్ జవాబు వచ్చింది. దానికి మాది వెళ్లింది. మాదానికి మళ్లీ అదే వచ్చింది. నేను గమనించి ఆపేలోపు అరవై మెయిళ్లు దాటాయి. ఆటోమేటిక్‌గా వెళ్లే మెయిల్ మీద "ఆటో-సబ్మిటెడ్" అనే హెడర్ ఉండాలని 2004 నుంచీ ఒక ప్రమాణం ఉంది. వచ్చిన మెయిల్‌లో అది కనిపించి, విలువ "నో" కాకుండా ఇంకేదైనా ఉంటే జవాబివ్వకూడదు. అందరూ ఆ హెడర్ పెట్టరు కాబట్టి, ఒక ఐడీకి రోజుకి ఒక్క జవాబే అన్న పరిమితి కూడా పెట్టాను.

ఇంకో సంగతి, ఇది భద్రతకు సంబంధించింది. వెబ్‌హుక్ యూఆర్ఎల్ తెలిసిన ఎవరైనా దానికి ఏదైనా పంపొచ్చు. అందుకని ఒక రహస్య విలువను హెడర్‌లో పెట్టించి, అది లేని కబుర్లను మొదటి నోడ్ దగ్గరే ఆపేస్తున్నాను. పంపే సర్వీసు సంతకం ఇచ్చేదైతే ఆ సంతకం సరిచూడటం ఇంకా మేలు. ఫారం వైపు నుంచి వచ్చే బెడద మాత్రం నేను ఊహించలేదు. ఒకసారి పేరు గడిలో పేరుకి బదులు ఏదో ప్రకటన, ఒక లింకు ఉన్నాయి. మెయిల్ ఐడీ ఎవరో సంబంధం లేని మనిషిది. మా కన్ఫర్మేషన్ "నమస్కారం" అన్న మాట పక్కన ఆ పేరును పెట్టి పంపుతుంది కదా, అంటే ఆ ప్రకటన మా డొమైన్ నుంచి, మా సంతకంతో ఆ మనిషికి వెళ్లింది. ఇప్పుడు పేరు గడికి పొడవు పరిమితి ఉంది, లింకు కనిపిస్తే ఆ రన్ అక్కడితో ఆగుతుంది.

ఇన్ని సరిచేశాక కూడా ఆవిడ అడిగిన ప్రశ్న మిగిలే ఉంది. ఫలానావారికి మెయిల్ అందిందా లేదా అన్నది నాకెలా తెలుస్తుంది? జవాబు నేను మొదటి రోజు నేర్చుకున్న దానిలోనే దొరికింది. మెయిల్ సర్వీసులు కూడా వెబ్‌హుక్ పంపుతాయి. మెయిల్ అవతలి సర్వర్‌కి చేరితే ఒక కబురు, తిరిగొస్తే కారణంతో సహా ఒక కబురు, అందుకున్నవారు స్పామ్ అని ఫిర్యాదు చేస్తే ఆ సంగతి తెలిసిన చోట ఒక కబురు. ప్రతి కబురులోనూ పంపినప్పుడు ఆ మెయిల్‌కి సర్వీసు ఇచ్చిన ఐడీ ఉంటుంది. నేను దాచుకోకుండా వదిలేసిన ఆ ఐడీయే. ఇప్పుడు మెయిల్ పంపగానే దాన్ని షీట్‌లో ఆ మనిషి వరుసలో రాస్తున్నాను. రెండో వర్క్‌ఫ్లో ఒకటి ఈ కబుర్ల కోసమే ఎదురుచూస్తూ, వచ్చినప్పుడల్లా ఐడీని బట్టి ఆ వరుస వెతికి, స్థితి గడిలో "చేరింది", "తిరిగొచ్చింది" అని మారుస్తుంది. కబుర్లు వరుస తప్పి రావచ్చు, ఒకటే రెండుసార్లు రావచ్చు, అందుకని "తిరిగొచ్చింది" అని ఒకసారి పడ్డాక దాన్ని ఇంకేదీ చెరపకుండా చూశాను. చేరింది అన్నంత మాత్రాన ఇన్‌బాక్స్‌లోనే పడిందని కాదు, స్పామ్‌లో ఉండొచ్చు. అందుకే ఫారం చివర కనిపించే పేజీలో, పావుగంటలో మెయిల్ రాకపోతే స్పామ్ ఫోల్డర్ చూడమని, అక్కడా లేకపోతే ఫోన్ చేయమని మా నంబర్ పెట్టాం.

చివరగా ఇంకొక నోడ్ చేర్చాను. స్థితి "తిరిగొచ్చింది" అని మారితే, లేదా పంపిన అరగంట తర్వాత కూడా గడి ఖాళీగా ఉంటే, ఆ మనిషి పేరు, ఫోన్ నంబర్ నాకు మెసేజ్‌గా వస్తాయి. ఆ మెసేజ్ మెయిల్ ద్వారా రాకూడదని పట్టుబట్టి ఫోన్‌కి వచ్చేలా పెట్టుకున్నాను.

పోయిన వారం మధ్యాహ్నం మొదటిసారి ఆ మెసేజ్ వచ్చింది. కోడ్ 550, అలాంటి మెయిల్‌బాక్స్ లేదు. ఐడీ చూస్తే జీమెయిల్ ముందు ఉన్న పేరులో ఒక అక్షరం రెండుసార్లు పడింది. వెంటనే ఫోన్ చేశాను. "మీరు ఇప్పుడే మా క్లాసుకి నమోదు చేసుకున్నారు కదండీ, మీ మెయిల్ ఐడీ ఒకసారి చెబుతారా?" అన్నాను. ఆయన కాసేపు ఆగి, "నేను ఫారం మూసి రెండు నిమిషాలు కూడా కాలేదండి" అన్నారు. ఒక్కో అక్షరం చెబుతుంటే నేను షీట్‌లో సరిదిద్ది, మెయిల్ మళ్లీ పంపాను. ఫోన్ పెట్టకముందే ఆయనే అన్నారు, "ఆఁ, వచ్చిందండి మెయిల్."